పళ్ళమంచుకు రుచిపరీక్ష

తలను గంగను నెలవంకఁ దాల్చి, తాను
మంచుకొండకు నల్లుడై మనినవాడు,
విషము రుచిచూడుమనక తా వేగ మ్రింగు
దేవుఁ డెల్లర దాహంబుఁ దీర్చుఁగాత!

పరమేశ్వరుడు హాలాహలాన్ని మ్రింగిన వేళ దేవతలలో ఒక్కరైనా "స్వామీ, ముందుగా ఒక సంఘం వేసి రుచి చూపిద్దాము" అనలేదు. అని ఉంటే ఆ సంఘం నివేదిక నేటికీ వచ్చి ఉండేది కాదు. లోకాలు మాత్రం ఆలోపలే భస్మమై ఉండేవి. ఆ స్వామి తొందరపాటుకు ముమ్మారు నమస్కరించి, మా నాగులేరుపురం పురపాలక సంఘంలో మొన్నటి వేసవిలో జరిగిన ఒక పానీయ వృత్తాంతాన్ని ఉన్నది ఉన్నట్టుగా విన్నవిస్తున్నాను.

మా ఊరి పేరులో ఏరు ఉన్నది, ఊరిలో లేదు. పల్నాటి నాపరాళ్ళ మీద కట్టిన ఊరు. వేసవిలో మా అరుగుల మీద ఉదయం పెట్టిన వడియాలు మధ్యాహ్నానికి డబ్బాలోకి ఎత్తవచ్చు. అటువంటి ఊళ్ళో బస్టాండు పడమటి గోడ నీడన పద్దెనిమిదేళ్ళుగా సైదమ్మ ఒక బల్ల వేసుకుని పళ్ళమంచు అమ్ముకుంటున్నది. పట్నాలలో దీనిని స్మూదీ అంటారట. సైదమ్మకు ఆ పేరు తెలియదు. పానీయం మాత్రం తెలుసు.

ఆమె పద్ధతి ఇది. సాయంత్రం సంత ముగిశాక ఎవ్వరూ కొనని పళ్ళను ఏరి తెస్తుంది. రసం కారే మామిడిపళ్ళు, తొడిమ ఊడిన కర్బూజాలు, తొక్క మీద నల్లమచ్చలు పడిన చక్రకేళీలు. పండు అందం పోయాకనే దాని తీపి బయటపడుతుందని ఆమె సిద్ధాంతం. వాటిని తొక్క తీసి, ముక్కలు కోసి, మూత గట్టి డబ్బాలో పెట్టి ఐసు ఫ్యాక్టరీలో ఉంచుతుంది. తెల్లవారేసరికి ముక్కలు గులకరాళ్ళలా గట్టిపడతాయి. బస్టాండు గోడకున్న ప్లగ్గుకు మిక్సీ తగిలించి, ముక్కలను గుప్పెడు గుప్పెడుగా వేస్తూ, గడ్డపెరుగు, కొంచెం బెల్లపు పాకం, చిటికెడు ఉప్పు చేర్చి తిప్పుతుంది. నీళ్ళు పోయదు. ఐసు అసలే వేయదు. "ఐసేస్తే పండు సచ్చిపోద్ది పంతులుగారూ" అని నాకు ఒకసారి ఉపదేశించింది. చివరగా నానిన సబ్జాగింజలు ఒక చెంచాడు.

అలా తయారైనదానిని తాగాలో తినాలో తేల్చుకోవడం కష్టం. గ్లాసు వంచితే రాదు; వచ్చిందంటే మొత్తం ఒక్కసారే వస్తుంది. ఈ గుణాన్ని చదువరులు దయచేసి గుర్తుంచుకోవాలి. కథలో దీనికి పని ఉన్నది.

ఆమె మొదటి బేరం రోజూ హమాలీ ఏసోబుది. మిరపకాయల బస్తాలు లారీలకెత్తే మనిషి. తాగకముందే వంక పెట్టడం అతని అలవాటు.

"ఏంది సైదమ్మత్తా, ఇయ్యాల అరిటిపండు ఎక్కువైనట్టుంది?"

"నీకు నోరెక్కువైంది గానీ, మూసుకుని తాగు."

"నోరు మూసుకుని ఎట్టా తాగేది?"

"అందుకే గదరా నీకు బస్తాలు తప్ప బుర్ర పని ఇవ్వంది."

ఇట్లా సాగుతున్న పద్దెనిమిదేళ్ళ ప్రశాంతతకు చైత్ర బహుళంలో ఒక మధ్యాహ్నం భంగం కలిగింది. కొత్తగా వచ్చిన మునిసిపల్ కమిషనరు శ్రీ వరదరాజులుగారి జీపు సరిగ్గా బస్టాండు ముందు ఆగిపోయింది. రేడియేటరు పొంగింది. జీపుకు నీళ్ళు పోయించిన తరువాత కమిషనరుగారికి తన గొంతు కూడా అదే స్థితిలో ఉన్నట్టు తోచింది. సైదమ్మ ఒక గ్లాసు ఇచ్చింది. ఆయన తాగారు. కళ్ళు మూసుకున్నారు. ఇంకొక గ్లాసు తాగారు. కళ్ళు తెరిచి, మంచుకొండలను దర్శించి వచ్చిన యాత్రికుడిలా అన్నారు:

"అమ్మా! ఇది పానీయం కాదు. ఇది పథకం."

"కాదు బాబూ, కర్బూజా" అన్నది సైదమ్మ.

వారం తిరగకుండా ఊరంతా గోడపత్రికలు వెలిశాయి. "ఇందుమూలముగా సమస్త పౌరులకు తెలియజేయడమేమనగా, వేసవి తాపమును పురస్కరించుకొని, పురపాలక సంఘ పరిధిలోని దాహార్తులైన ప్రజానీకమును దశలవారీగా చల్లబరచు నిమిత్తము ఘనీకృత ఫలపానీయ జనశీతలీకరణ పథకము ప్రవేశపెట్టడమైనది. పానీయము ఉచితము."

సైదమ్మ బల్ల ప్రధాన కేంద్రం అయింది. పళ్ళు, పెరుగు, ఆమె రోజుకూలి పురపాలక సంఘానివి. దానితోపాటు ఆమె చేత ఒక ఒప్పందపత్రం మీద సంతకం పెట్టించారు. ఇన్నేళ్ళుగా ఆ గోడనీడ ఆమెదే కాని, కాగితం మీద ఎవరిదీ కాదు. మృగశిర కార్తె ప్రవేశించేదాకా నియమం తప్పకుండా కేంద్రం నడిపితే ఆ జాగాకు ఆమె పేర పట్టా ఇస్తారు. అధికారుల అనుమతి లేకుండా ప్రజలకు ఒక్క గ్లాసు పోసినా బల్ల ఎత్తివేస్తారు. కాగితం నా చేతికిచ్చి చదివించుకుని, సైదమ్మ గోడను ఒకసారి చేత్తో తడిమింది.

"ఇల్లు లేకపోయినా ఎట్టాగో గడుపుతా పంతులుగారూ. ఈ గోడ లేకపోతే మాత్రం నేను లేను" అన్నది.

పథకానికి నిబంధనలు రాసినవాడు సూపరింటెండెంటు పిచ్చేశ్వరరావు. ముప్పై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో కొత్త వాక్యం ఒక్కటైనా రాయలేదన్నది ఆయన కీర్తి. పాత కాగితంలో ఉన్నదే రాస్తే తప్పు జరిగినా పాత కాగితానిదవుతుంది. కనుక ఆయన తాగునీటి ట్యాంకర్లను గురించిన పూర్వపు ఉత్తర్వును ముందు పెట్టుకుని, ట్యాంకరు అని ఉన్న ప్రతిచోటా గ్లాసు అని మార్చి, అడుగున తన సంతకం చేసి, కమిషనరుగారి సంతకం తీసుకున్నాడు. అందుచేత ఆ నిబంధనలలో ప్రతి గ్లాసుకు వెనుక ఎర్రదీపం ఉండవలెననీ, గ్లాసు వేగము ఊరిలో ఇరవై కిలోమీటర్లు మించరాదనీ, గ్లాసు వెంట ఒక సహాయకుడు ఉండవలెననీ, అధికారి అందుబాటులో లేనిచో ఆ సహాయకుడే రుచి చూడవచ్చుననీ కూడా ఉన్నది. వాటిని ఎవరూ చదవలేదు. చదివినది ఏడవ నిబంధన ఒక్కటే: "ప్రతి గ్లాసు, ప్రజలకు అందజేయబడుటకు పూర్వము, అధీకృత అధికారిచే రుచి చూడబడవలెను."

అధీకృత అధికారిగా శానిటరీ ఇన్‌స్పెక్టరు జక్రయ్యను నియమించారు. మంచివాడు, మీసాలవాడు, చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించగానే సైదమ్మ మొదటి గ్లాసు నింపింది. జక్రయ్య అందుకుని, ఒక గుక్క తాగి, తలపంకించి, "ఉత్తీర్ణం" అని ప్రకటించి, అదే గ్లాసును వరుసలో ముందున్న ఏసోబు చేతిలో పెట్టాడు.

ఏసోబు గ్లాసు వైపు చూశాడు. జక్రయ్య మీసం వైపు చూశాడు.

"ఏంది సారూ ఇది?"

"పరీక్షించిన గ్లాసు."

"మీరు తాగిన గ్లాసు."

"తాగలేదు. రుచి చూశాను."

"మూతి పెట్టారా లేదా?"

"పెట్టకుండా రుచి ఎట్లా తెలుస్తుంది?"

"అయితే ఎంగిలి. నాకొద్దు. మా అమ్మ ఎంగిలి చేసిన ముద్దే తిననని తన్నులు తిన్నోణ్ణి, మీ మీసాలు ముంచింది తాగాలా?"

వెనుకనున్న నలభైమందీ అదే మాట అన్నారు. పరీక్షించనిదే గ్లాసు ఇవ్వకూడదు. పరీక్షిస్తే గ్లాసు ఎంగిలి. ఎంగిలి గ్లాసు ఎవ్వరూ ముట్టరు. ఆ పూట నలభై గ్లాసులు ఉత్తీర్ణమై, బల్ల మీద వరుసగా నిలబడి, కరిగి, ఈగల పాలయ్యాయి.

మరునాడు నాకు కబురు వచ్చింది. పురాణ కాలక్షేపంతో పొద్దుపుచ్చుకునే నన్ను రుచిపరీక్షా సంఘానికి ధార్మిక సభ్యుడిగా నియమించారట. వెళ్ళాను. కమిషనరుగారు గౌరవంగా కుర్చీ చూపారు.

"ఎంగిలి అనే అంశం మీద శాస్త్రం వైఖరి ఏమిటండీ?"

"ఈ ఒక్క విషయంలో శాస్త్రమూ, మన తల్లులూ ఒకే మాట అంటారు. పెదవి తగిలితే ఎంగిలి."

"తగలకపోతే?"

"తగలకపోతే కాదు. మనవాళ్ళు చెంబెత్తి గొంతులో పోసుకుంటారు గదా."

కమిషనరుగారి ముఖం వికసించింది. "రాయండి పిచ్చేశ్వరరావుగారూ! ఇకపై రుచిపరీక్ష ఊర్ధ్వముఖముగా జరుపబడును."

నేను సలహా ఇచ్చిన మాట నిజం. కాని పానీయపు చిక్కదనం ఆ క్షణాన నా తలపుకు రాలేదు. మరునాడు ఉదయం జక్రయ్య బస్టాండు నడుమ నిలబడి, ఆకాశం వైపు నోరు తెరిచి, జానెడెత్తున గ్లాసు వంచాడు. ఏమీ రాలేదు. ఇంకా వంచాడు. రాలేదు. గ్లాసు బోర్లించి అడుగున ఒక తట్టు తట్టాడు. అప్పుడు మొత్తం వచ్చింది. కొంత మీసాల మీద, కొంత కాలరులోపల, సబ్జాగింజలు కనురెప్పల మీద.

"అయ్యో బాబూ, ఆ చెంచాతో తీసుకుని తినగూడదా!" అన్నది సైదమ్మ పమిటకొంగు అందిస్తూ.

పిచ్చేశ్వరరావు నిబంధనలు తిరగేశాడు. "చెంచా ప్రస్తావన లేదు."

నిజమే. ట్యాంకర్లకు చెంచా అవసరం ఎన్నడూ రాలేదు. చెంచాను చేర్చాలంటే కౌన్సిలు తీర్మానం కావాలి. కౌన్సిలు శ్రావణంలో కాని కూర్చోదు.

కొంచెం కరగనిచ్చి, ధార కట్టాక పోసుకుందామని జక్రయ్య ఒక రోజు ప్రయత్నించాడు. ధార చక్కగా పడింది. కాని కరిగినది ఘనీకృతం కాదు గనుక ఆ నాటి గ్లాసులన్నీ అనుత్తీర్ణమయ్యాయి.

అప్పుడు కమిషనరుగారికే ఒక ఆలోచన తట్టింది. ఒక్కొక్క వ్యక్తికి రెండేసి గ్లాసులు నింపాలి. ఒకటి అధికారి తాగుతాడు. దాని జంట గ్లాసు పౌరుడు తాగుతాడు. సభలో అందరూ బల్లలు చరిచారు. పిచ్చేశ్వరరావు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మనవి చేసుకుంటున్నాను సార్. కవలపిల్లలలో ఒకడు పరీక్ష రాస్తే రెండోవాడికి సర్టిఫికెట్టు ఇస్తామా? ఏ గ్లాసు ఉత్తీర్ణత ఆ గ్లాసుదే."

ఆయన నా వైపు తిరిగాడు.

"ఇంకొకటి. పైభాగం బాగున్నంత మాత్రాన అడుగుభాగం కూడా బాగుంటుందని శాస్త్రంలో ఎక్కడైనా ఉన్నదా పంతులుగారూ?"

నేను అబద్ధం చెప్పలేను. "అటువంటి భరోసా ఏ శాస్త్రమూ ఇవ్వలేదండీ" అన్నాను.

"ధార్మిక సభ్యుని అభిప్రాయము మేరకు" అని ఆయన రాసుకున్నాడు, "ప్రతి గ్లాసు అడుగంటా పరీక్షింపబడవలెను."

నా నోటి నుండి వచ్చిన ఒక్క వాక్యంతో పథకం పరిపూర్ణతను పొందింది. రోజుకు నూట ఇరవై గ్లాసులు తయారవుతాయి. నూట ఇరవైనీ అడుగంటా పరీక్షిస్తారు. ఒక్క జక్రయ్య వల్ల అది కాదు; మూడవనాటికే అతని గొంతు పోయి సైగలతో ఉత్తీర్ణత ప్రకటిస్తున్నాడు. అందుచేత సంఘాన్ని పన్నెండు మందికి పెంచారు. పన్ను విభాగం నుండి ఇద్దరు, వీధిదీపాల విభాగం నుండి ఇద్దరు, జనన మరణాల నమోదు నుండి ఒకరు, ఇట్లా. వారికి షామియానా వేశారు. జనం అడ్డు రాకుండా తాడు కట్టారు. తాడుకు అవతల, ఎండలో, వరుస.

సాయంత్రం నల్లబల్ల మీద లెక్క కనబడేది: తయారైనవి నూట ఇరవై. పరీక్షింపబడినవి నూట ఇరవై. ఉత్తీర్ణమైనవి నూట ఇరవై. పంపిణీ: మిగులు లేదు.

జిల్లాలో నూటికి నూరు ఉత్తీర్ణత సాధించిన పథకం ఇదొక్కటేనని పైనుండి అభినందన పత్రం వచ్చింది. దానికి అద్దం కట్టించి షామియానా గుంజకు తగిలించారు.

"అద్దంలో మన మొకాలు కనపడతన్నాయి గానీ, గ్లాసు కనపడట్లేదేంటి సైదమ్మత్తా?" అని తాడు అవతలి నుండి ఏసోబు అరిచేవాడు.

"అరవబాకురా, దప్పికెక్కువైద్ది" అనేది సైదమ్మ. చేతులు మిక్సీ మీద, కళ్ళు తాడు మీద. పద్దెనిమిదేళ్ళలో ఆమె చేతి గ్లాసు కోసం వచ్చినవాడు ఉత్త చేతులతో వెళ్ళింది లేదు. ఇప్పుడు రోజూ వంద మంది వెళుతున్నారు. ఒకనాడు నాతో అన్నది: "పంతులుగారూ, ఆ పట్టా ఏదో వచ్చేలోపు నాకు పాపం చుట్టుకునేట్టుంది."

ఆ పాపంలో పెద్ద వాటా నాదే. అడుగంటా అన్న మాటకు మూలపురుషుణ్ణి నేనే గదా.

రోహిణి కార్తె మూడవ రోజు. నాపరాళ్ళ మీద చెప్పులు లేకుండా నిలబడలేని వేళ. ఏసోబు తెల్లవారినప్పటి నుండి లారీకి బస్తాలు ఎత్తి, మధ్యాహ్నం వచ్చి వరుసలో నిలబడ్డాడు. ఆ రోజు అతను అరవలేదు. వంక పెట్టలేదు. అది సైదమ్మ గమనించింది. మిక్సీ ఆపి అటు చూసేసరికి తాడు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగిపోయాడు.

షామియానా కింద జక్రయ్య చేతిలో అరవై ఒకటవ గ్లాసు ఉన్నది.

"బాబూ, ఆ గ్లాసు ఇటియ్యి!"

జక్రయ్య లేచాడు. ఒక అడుగు వేశాడు. గ్లాసు వైపు చూసుకుని ఆగిపోయాడు. పోయిన గొంతుతో గుసగుసగా అన్నాడు: "సగం పరీక్షించానమ్మా. ఎంగిలి."

అప్పుడు సైదమ్మ చేసిన పనికి సాక్షులు నూట పదముగ్గురు. ఆమె ఒప్పందపత్రం దాచుకున్న రేకుపెట్టెను పక్కకు నెట్టింది. కొత్త గ్లాసు నిండా పళ్ళమంచు తీసింది. తాడు ఎత్తి కింద నుండి దూరింది. ఏసోబును గోడనీడకు లాగించి, ముఖాన నీళ్ళు చల్లి, తడిగుడ్డ మెడకు చుట్టింది. అతను కళ్ళు తెరిచాక గ్లాసు చేతికిచ్చి, ఆ చేతి కింద తన చెయ్యి ఆనించి, కొంచెం కొంచెంగా తాగించింది. సగం గ్లాసు లోపలికి వెళ్ళింది. ఏసోబు పెదవులు కదిలాయి. అందరం వంగాము.

"అరిటిపండు ఎక్కువైందత్తా" అన్నాడు.

సైదమ్మ అతని నెత్తిన ఒక్కటి మొట్టి, పమిట అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

పిచ్చేశ్వరరావు గడియారం చూసి నమోదు చేశాడు: "మధ్యాహ్నం ఒంటిగంట పది నిమిషములకు, పరీక్షింపబడని గ్లాసు ఒకటి."

మూడవనాడు విచారణ. పురపాలక సంఘ సమావేశ మందిరంలో పంకాలు తిరగడం లేదు. సైదమ్మ ఒక మూల నిలబడి ఉన్నది. బల్ల, మిక్సీ అప్పటికే కట్టి తెచ్చి వరండాలో పెట్టుకున్నది. తీర్పు ఆమెకు ముందే తెలుసు.

"ఏమమ్మా, అనుమతి లేకుండా ప్రజలకు పానీయం అందజేసినట్టు ఒప్పుకుంటున్నావా?" కమిషనరుగారు అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు, నిబంధన ఉన్నది.

"ప్రెజలకి కాదు బాబూ. ఏసోబుకి."

"ఏసోబు ప్రజలలోనివాడే కదా."

"ఆ సంగతి మీకు ఇయ్యాల తెలిసిందా?"

పిచ్చేశ్వరరావు దగ్గాడు. "ఒప్పుకోలుగా నమోదు చేయమంటారా సార్?"

విచారణకు ముందు రెండు రాత్రులూ నేను నిద్రపోలేదు. ఒక్క వాక్యంతో ఒక మనిషి నోటికి అడ్డుకట్ట వేసినవాడిని. ఇంకొక వాక్యం వెతకక తప్పదనుకున్నాను. నాకు తెలిసిన గ్రంథాలలో అది దొరకలేదు. చివరకు పిచ్చేశ్వరరావు గ్రంథంలోనే దొరికింది. లేచి చేతులు జోడించాను.

"ధార్మిక సభ్యుడిగా ఒక ప్రశ్న వేయడానికి అనుమతించండి. నాయనా ఏసోబూ, ఆనాటి పానీయం ఎట్లా ఉన్నది?"

వరండాలో నుండి ఏసోబు తల లోపలికి పెట్టాడు. "అరిటిపండు కూసింత ఎక్కువ. పెరుగు చాల్లేదు. ఉప్పు సరిపోయింది. మిగతాది బెమ్మాండం."

"అడుగంటా తాగావా?"

"తరవాత యేలు పెట్టి నాకేశా."

"అయ్యా" అన్నాను కమిషనరుగారితో, "ఇప్పటిదాకా పన్నెండు మంది పరీక్షకులూ ఉత్తీర్ణం అన్న ఒక్క మాట తప్ప రాయలేదు. పెరుగు సంగతీ ఉప్పు సంగతీ మొదటిసారి ఇతడే చెప్పాడు. అడుగంటా చూశాడు. ఇతడు తాగలేదు, పరీక్షించాడు."

"అధీకృతుడు కాడు!" అన్నాడు పిచ్చేశ్వరరావు.

"తమరు రాసిన పదునాలుగవ నిబంధన ఒక్కసారి చదవండి."

ఆయన తీశాడు. చదివాడు. "అధికారి అందుబాటులో లేనిచో, గ్లాసు వెంట ఉండు సహాయకుడు రుచి చూడవచ్చును."

"ఆ సమయంలో అధికారి జక్రయ్యగారు అరవై ఒకటవ గ్లాసు పరీక్షలో ఉన్నారు గనుక అందుబాటులో లేరు. ఆ కొత్త గ్లాసు వెంట ఉన్నది ఎవరు? దానిని చేత పట్టుకున్నది ఎవరు?"

జక్రయ్య లేచి నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి అన్నాడు: "ఏసోబే సార్. గట్టిగా పట్టుకున్నాడు సార్. నేను చూశాను."

పిచ్చేశ్వరరావు ఆ నిబంధనను రెండవసారి, మూడవసారి చదివాడు. దానిని కాదంటే తన సంతకం ఉన్న కాగితాన్ని కాదన్నట్టే. తన సంతకం వెనుక పాత కాగితం, దాని వెనుక ముప్పై ఒక్క సంవత్సరాలు. ఆయన ముఖంలో బాధ కాదు, ఒక విధమైన భక్తి కనిపించింది.

"నిబంధన నిబంధనే సార్" అన్నాడు మెల్లగా. "ప్రతి గ్లాసుకూ ఒక సహాయకుడు ఉండవలెను. ఇన్నాళ్ళూ మనం నియమించలేదు. తప్పు మనదే."

కమిషనరుగారు నుదుటి చెమట తుడుచుకుని ఉత్తర్వు చెప్పారు. సైదమ్మ మీద అభియోగం రద్దు. ఏసోబు గ్లాసు సహాయకుడు.

ఆ వార్త పావుగంటలో బస్టాండుకు చేరింది. మరునాడు ఉదయం వరుసలోని ప్రతి ఒక్కరూ ఇంటి నుండి ఒక గ్లాసు తెచ్చుకుని, దానిని గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. కండక్టర్లు, పూలమ్మేవాళ్ళు, పెళ్ళికి పోతున్న ఒక కుటుంబం పిల్లలతో సహా. పిచ్చేశ్వరరావు బల్ల వేసుకుని కూర్చుని, ప్రతి ఒక్కరి పేరూ రాసుకుని, నియామకపత్రం చింపి ఇచ్చాడు. అధికారులు అందుబాటులో లేరు, పరీక్షలో ఉన్నారు. కనుక సహాయకులు తమతమ గ్లాసులను అడుగంటా రుచి చూశారు. ఎంగిలి ప్రశ్న రాలేదు. ఎవరి ఎంగిలి వారిదే.

సాయంత్రానికి తాడు ఎవరో విప్పి ఏసోబు బస్తాలకు కట్టారు. నల్లబల్ల మీద అంకెలు పెరిగాయి కాని వాక్యాలు మారలేదు. తయారైనవి ఆరు వందల నలభై. పరీక్షింపబడినవి ఆరు వందల నలభై. ఉత్తీర్ణమైనవి ఆరు వందల నలభై. పంపిణీ: మిగులు లేదు.

రోహిణి కార్తె చివరి రోజున కమిషనరుగారి జీపు మళ్ళీ బస్టాండు ముందే పొంగింది. ఆయన దిగి వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. పిచ్చేశ్వరరావు వినయంగా చెవిలో మనవి చేశాడు: పరీక్షలను ఆమోదించు అధికారి తాను పరీక్షించరాదు, పదకొండవ నిబంధన. ఊరి మొత్తానికి పళ్ళమంచు తాగే హక్కు లేని ఒకే ఒక్క మనిషి ఆయన. ఎండలో అలాగే నిలబడి, జనం పరీక్షించడాన్ని చూస్తున్నారు. పెదవి తడుపుకున్నారు.

సైదమ్మ ఒక గ్లాసు నింపి ఆయన చేతిలో పెట్టింది.

"నిబంధన ఒప్పుకోదమ్మా" అన్నారాయన, గ్లాసు వదలకుండా.

"ముందు తాగండి బాబూ. తరవాత రాసుకోవచ్చు."

ఆయన తాగారు. అడుగంటా తాగారు. పిచ్చేశ్వరరావు ఆ సమయంలో వీధిదీపాల వైపు చూస్తున్నాడు. పట్టపగలు గనుక అవి వెలగడం లేదు. అయినా చాలాసేపు చూశాడు.

మృగశిర ప్రవేశించిన నాడు తొలివాన పడింది. ఆ వానలోనే పట్టా వచ్చింది. సైదమ్మ దానిని నా చేతికిచ్చింది. గోడనీడన నిలబడి పైకి చదివాను: "ఒప్పంద కాలము పొడవునా అనుమతి లేకుండా ప్రజలకు ఒక్క గ్లాసైనను అందజేయనందుకును, అనుమతితో సైతము ప్రజలకు ఒక్క గ్లాసైనను అందజేసినట్లు దాఖలా లేనందుకును మెచ్చి, పై జాగా సైదమ్మగారికి శాశ్వతముగా ఇవ్వడమైనది."

సైదమ్మ ఆలోచించింది.

"మరి ఆ గ్లాసులన్నీ ఎవురు తాగినట్టు పంతులుగారూ?"

"ఎవరూ తాగలేదమ్మా. పరీక్షించారు."

ఆమె పట్టాను మడిచి, రేకుపెట్టెలో పెట్టి, మిక్సీ తిప్పి, ఒక గ్లాసు నా ముందుకు జరిపింది.

"ఈ ఎండాకాలమంతా మీరొక్కరే ముట్టలేదు. ఇయ్యాలైనా పరీచ్చించండి."

ఇంటి నుండి గ్లాసు తెచ్చుకోలేదు. అయినా చేతిలోకి తీసుకున్నాను, గట్టిగా పట్టుకున్నాను. అరటిపండు కొంచెం ఎక్కువైన మాట నిజమే.

ఈ కథను చదివినవారికీ, చదివి వినిపించినవారికీ, వింటూ మధ్యలో కునుకు తీసినవారికీ ఎండవేళ నీడ, దాహంవేళ చల్లని గ్లాసు, దానిని అడగకముందే అందించే చెయ్యి లభించుగాక. నిబంధనలు రాసేవారికి పాత కాగితాలలో కూడా ఒక మంచి వాక్యం దొరుకుగాక. నీలకంఠుడు అందరి గొంతులనూ చల్లగా ఉంచుగాక.